చెప్పనిది మారదు

మేస్త్రీ ఇళ్ళు ఖాళీ చేయించి సామాను చేరవేసే పనిలో దిగి ఇరవై ఆరేళ్ళయింది. ఆయన ఎత్తని బీరువా లేదు, దిగని మెట్టు లేదు. ఒక గదిలో అడుగుపెట్టి, నడుం మీద చెయ్యి వేసుకుని ఓసారి చుట్టూ చూస్తే చాలు, ఏది ముందు కదలాలో, ఏది ఏ గుమ్మంలో ఇరుక్కుంటుందో, ఇంటావిడ ఏ పెట్టె దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుంటుందో, అన్నీ తెలిసిపోయేవి. ఎలా తెలుసని ఎవరైనా అడిగితే మాత్రం తల గోక్కునేవాడు.

ఆ తల గోక్కోవడమే ఓనరుకు నచ్చలేదు.

ఓనరు ఏదో పెద్ద సమావేశానికి వెళ్ళి, మెడలో పేరు రాసిన అట్టముక్క తగిలించుకుని రెండు రోజులు కూర్చుని, మూడో రోజు కళ్ళు మిలమిలా మెరుస్తుండగా తిరిగొచ్చాడు. వస్తూనే మేస్త్రీని గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"మేస్త్రీ, రేపు పొద్దున్న నువ్వు మంచం పట్టావనుకో. కంపెనీ గతేంటి?"

"మంచం నేనొక్కణ్ణే ఎలా పడతాను సార్? రెండో కొస పట్టుకోడానికి ఇంకో మనిషి కావాలి కదా."

ఓనరు నుదురు కొట్టుకున్నాడు. "అది కాదయ్యా! నీకు ఒంట్లో బాగోలేకపోతే? నీ బుర్రలో ఉన్నదంతా నీతోపాటే ఇంట్లో పడుకుంటుంది. అందుకే దాన్ని బయటికి తీసి యంత్రంలో పెట్టిస్తున్నాను. ఒక మేడం వస్తోంది. నువ్వు చెప్తూ ఉండు, ఆవిడ రాసుకుంటుంది."

మేడం వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయేమో. బక్కపలచని మనిషి, భుజాన బరువైన సంచి. యంత్రాలకు తర్కం నేర్పడమే ఆవిడ చదివిన చదువట. గోడౌన్ వెనక గదిలో, ఖాళీ అట్టపెట్టెల మధ్య రెండు కుర్చీలు వేసుకుని ఇద్దరూ కూర్చున్నారు. జట్టులో ఉన్న నలుగురూ తొంగిచూసి, ఆ మధ్యాహ్నానికల్లా ఆవిడకు తర్కం మేడం అని పేరు పెట్టేశారు.

"యంత్రానికి లోకం మనకు కనిపించినట్టు కనిపించదు మేస్త్రీ గారూ," అని మొదలుపెట్టింది మేడం. "దానికి లోకమంటే ఫోటోల ఆల్బం. మీరొక పని చేస్తే ఒక పేజీ తిరుగుతుంది. కొత్త పేజీ ఖాళీగా ఉంటుంది. దాని మీద ఏముందో మనమే చెప్పాలి. అందుకని ప్రతి పనికీ మూడు సంగతులు కావాలి. ఆ పని చెయ్యాలంటే ముందు ఏం నిజమై ఉండాలి, చేశాక ఏం మారుతుంది, ఏం మారదు."

"ఓస్ ఇంతేనా," అన్నాడు మేస్త్రీ. పాపం, తెలీక అన్నాడు.

"బీరువా ఎత్తాలనుకోండి. ముందు ఏం నిజమై ఉండాలి?"

"ఖాళీగా ఉండాలమ్మా."

"ఇంకా?"

"తలుపులకు తాళం వెయ్యాలి. లేకపోతే తెరుచుకుని మూతి పగలగొడతాయి."

"ఇంకా?"

"గోడకు మేకుతో బిగించి ఉండకూడదు. కాళ్ళ కింద చాప ఉండకూడదు. పైన సూట్‌కేసులు ఉండకూడదు. లోపల పిల్లి ఉండకూడదు."

మేడం తల ఎత్తింది. "పిల్లా?"

"ఉందండీ ఒకసారి. నాలుగు మెట్లు దిగాక అరిచింది. ముందున్నవాడు బీరువా వదిలేసి దణ్ణం పెట్టాడు."

మేడం పిల్లిని రాసుకుంది. తర్వాత కుక్కపిల్లను రాసుకుంది. తర్వాత దాగుడుమూతలాడే పిల్లలను రాసుకుంది. సాయంత్రానికి బీరువా ఎత్తడానికి ముందు నిజమై ఉండాల్సినవి నూటపన్నెండు తేలాయి. మేస్త్రీకి ఇంకా గుర్తొస్తూనే ఉన్నాయి. ఇన్ని షరతులున్న పనిని తాను ఇన్నాళ్ళూ అంత ధైర్యంగా ఎలా చేశానా అని మొట్టమొదటిసారి ఆయనకు భయం వేసింది.

అది మొదటి సంగతి. రెండోది తేలిగ్గానే గడిచింది. మూడోదాని దగ్గర తలప్రాణం తోకకొచ్చింది.

"బీరువా ఎత్తాక గోడ రంగు మారుతుందా?"

మేస్త్రీ ఆవిడ మొహంలోకి చూశాడు. ఎగతాళి ఏమీ లేదు. "మారదు," అన్నాడు.

"కిటికీ?"

"మారదు."

"వంటింట్లో కుళాయి?"

"అదెందుకు మారుతుందమ్మా?"

"మారదని చెప్పకపోతే, పేజీ తిరిగాక కుళాయి ఉందో లేదో యంత్రానికి తెలీదండీ."

కుళాయి మారదు. గడియారం మారదు. ఇంటి నంబరు మారదు. ఇంటాయన వయసు మారదు. బల్ల ఎత్తినా ఇవేవీ మారవు. మంచం ఎత్తినా మారవు. పని పనికీ, వస్తువు వస్తువుకూ విడివిడిగా అడిగింది, విడివిడిగా చెప్పాడు. అలా పదకొండు రోజులు మేస్త్రీ నోట 'మారదు' తప్ప వేరే మాట రాలేదు. జట్టులో వాళ్ళు టీ అందిస్తూ, "చక్కెర చాలా మేస్త్రీ, మార్చమంటావా?" అని అడిగి, జవాబు వినకుండానే పగలబడి నవ్వుకునేవారు.

ఇంట్లో భార్య కుట్టుమిషను ముందు కూర్చుని జాకెట్టు చేతులు కుడుతూ అడిగింది, "ఏవండీ, కిరాయిదారు ఫ్యాను బాగుచేయించమంటున్నాడు. గోడకున్న పాత స్విచ్చి మార్పిద్దామా?"

"మారదు," అన్నాడు మేస్త్రీ పరధ్యానంగా.

ఆవిడ మిషను ఆపింది. సంగతంతా లాగింది. విన్నాక దారం పంటితో తెంపి, "అయితే నాదీ ఒకటి అడిగి రండి. పొద్దున్న గిన్నెలు తోమాను. తోమాక మీరింకా నా మొగుడేనా, మారారా? పేజీ తిరిగింది కదా, ఎందుకైనా మంచిది," అంది.

పన్నెండో రోజు మేడం చాలా సంతోషంగా వచ్చింది. ఇక ఆ జాబితాలేవీ అక్కర్లేదట. ఒకే ఒక్క సూత్రం సరిపోతుందట. ఏ పని వల్ల ఏది మారుతుందో పూర్తిగా చెప్పేస్తాం, చెప్పనిది మారదు.

మేస్త్రీ ఆవిడ పదకొండు రోజులుగా రాసిన కాగితాల వైపు చూశాడు. తర్వాత మెల్లిగా అన్నాడు, "ఈ ముక్క మొదటి రోజే అనుకుని ఉంటే బాగుండేది కదమ్మా."

"ఇది దొరకడానికి పెద్ద పెద్ద వాళ్ళకే ఇరవై ఏళ్ళు పట్టిందండీ. చెప్తే నమ్మరు, మొదట్లో అందరూ మీలాగే జాబితాలు రాశారు. నేను కూడా చేత్తో చేస్తే తప్ప నేర్చుకోలేనని అలా మొదలుపెట్టాను."

"నా చేత్తోనా?" అన్నాడు మేస్త్రీ.

అలా తయారైన బుద్ధినంతా ఒక ట్యాబ్‌లోకి ఎక్కించారు. జట్టు దాన్ని పలక అనేది. పని మొదలుపెట్టే ముందు పలక చెప్పినట్టు చెయ్యాలి, చేశాక పలక మీద నొక్కాలి. గోడౌన్‌లో మొదటి పరీక్షకు ఒక ట్రంకుపెట్టె నిండా దిండ్లు పెట్టి ఈ గోడ నుంచి ఆ గోడకు మార్చారు. పలక వెంటనే, 'పెట్టె చేరింది. దిండ్లు పాత చోటే ఉన్నాయి. తీసుకురండి' అంది. జట్టులో పొడుగాయన ఆజ్ఞ ప్రకారం పాత గోడ దాకా నడిచి, అక్కడ నేలంతా గంభీరంగా వెతికి, చేతులు ఊపుకుంటూ తిరిగొచ్చి, "దిండ్లు లేవు సార్," అని ఓనరుకు నివేదించాడు.

మేడం పెదవి కొరుక్కుని ఇంకో సూత్రం చేర్చింది. ఒక వస్తువు కదిలితే, దాని లోపలున్నదీ పైనున్నదీ కూడా దానితోపాటే కదులుతుంది. పలక కుదుటపడింది.

ఒక్క విషయంలో మాత్రం మేస్త్రీ పలకను మెచ్చుకోకుండా ఉండలేకపోయాడు. లారీలో ఏది అడుగున, ఏది పైన, ఏది దింపేటప్పుడు ముందు చేతికి రావాలి అన్నది అది లెక్క వేసినట్టు తానెప్పుడూ వెయ్యలేదు. రెండుసార్లు పరీక్షించి చూశాడు, రెండుసార్లూ అదే గెలిచింది. ఆ రోజు నుంచి ఆయన మనసు కాస్త మెత్తబడింది. అక్కడే పప్పులో కాలేశాడు.

అసలు పని ఒక టీచరమ్మగారిది. హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆవిడా, ఎనభై ఎనిమిదేళ్ళ తల్లీ. మేడ ఉన్న చిన్న ఇల్లు, ముందు ఇనుప గేటు. ఓనరు కొత్త చొక్కా వేసుకుని ఫోటోలు తీయించుకోడానికి తానే వచ్చాడు. మేడం పలక పట్టుకుని గది గదికీ తిరిగి ఉన్నవన్నీ ఎక్కించింది. హాల్లో పేము కుర్చీ, దాని మీద దిండు, దాని మీద పెద్దావిడ.

"మనిషిని కూడా రాస్తారా అమ్మా?" అన్నాడు మేస్త్రీ.

"రాయకపోతే పలక దృష్టిలో ఆవిడ లేనట్టే కదండీ."

పెద్దావిడ కళ్ళజోడు సవరించుకుని, "రాసుకో తల్లీ. ఓటర్ల లిస్టులో ఎలాగూ పోయింది నా పేరు," అంది.

పని పరుగులు తీసింది. మొదటి లారీ తొమ్మిదిన్నరకు కదిలింది. టీచరమ్మ ఏది ఎక్కడ పెట్టాలో చూపించడానికి దానితోపాటే ముందు వెళ్తూ, గేటు దగ్గర ఆగి, "అమ్మ?" అని అడిగింది. "మీ అమ్మగారు మా బాధ్యతండీ. పలకలో ఉన్నారు," అన్నాడు ఓనరు గుండె మీద చెయ్యి వేసుకుని. రెండో లారీ నిండాక పలక మీద పచ్చరంగు వెలిగి 'ఇల్లు ఖాళీ' అని పడింది. ఓనరు గేటుకు తన చేత్తోనే తాళం వేసి, ఫోటో దిగి, తాళంచెవి ఇంటిగలవారి వాచ్‌మన్ చేతిలో పెట్టాడు.

మేస్త్రీ అప్పుడు లారీ వెనక తాడు బిగిస్తున్నాడు. "పెద్దావిడ ఏ బండిలో వస్తున్నారు సార్?" అని అడిగాడు.

"ఎప్పుడో చేరిపోయింది. చూడు," అని ఓనరు పలక చూపించాడు. కొత్త ఇల్లు, హాలు, పేము కుర్చీ, దిండు, పెద్దావిడ. కూతురితోపాటు వెళ్ళి ఉంటుందిలే అనుకున్నాడు మేస్త్రీ. ఏదో మూల చీమ కుట్టినట్టయింది కానీ, తాడు ముడి బిగించేసరికి అదీ పోయింది.

కొత్త ఇంట్లో టీచరమ్మ గుమ్మంలోనే ఎదురైంది. "అమ్మేదండీ?"

"హాల్లో ఉన్నారు కదండీ," అన్నాడు ఓనరు.

"నేను హాల్లోంచే వస్తున్నాను."

ఓనరు పలక చూసుకున్నాడు. "ఇంకోసారి చూడండి."

టీచరమ్మ జీవితంలో ఎన్నో వేల మంది అబద్ధాలాడే పిల్లలను చూసిన మనిషి. ఆవిడ చూసిన చూపుకు ఓనరు కొత్త చొక్కా తడిసిపోయింది. అందరూ హాల్లోకి వెళ్ళారు. పేము కుర్చీ ఉంది. దిండు ఉంది. దిండు మీద మనిషి కూర్చున్న పల్లం కూడా ఉంది.

పొడుగాయన ముందుకొచ్చాడు. "నేనే ఎత్తాను సార్ కుర్చీ. ఎత్తినప్పుడు ఖాళీగానే ఉంది. ఎత్తానని నొక్కాను."

మేడం మొహం పాలిపోయింది. "పైనున్నది కూడా కదిలిందనుకుంది పలక. ఆవిడ లేచిందని దానికి ఎవరూ చెప్పలేదు. చెప్పనిది..."

మేస్త్రీ అప్పటికే గుమ్మం దాటాడు. లారీకి దారి లేదు, వెనకాల ఇంకో బండి అడ్డం ఉంది. "అమ్మా, నీ స్కూటర్ తాళం ఉందా?" అని కేకేశాడు. మేడం నడిపింది, ఆయన వెనక కూర్చున్నాడు. దారి పొడుగునా మేస్త్రీ లోపల ఒకటే గోల. ఇరవై ఆరేళ్ళుగా ఏ ఇంటికెళ్ళినా తాను మొదట అడిగే మాట, ఇంట్లో ఎంతమంది అని. వెళ్ళేటప్పుడు ఆఖర్న చేసే పని, ప్రతి గదీ ఒక్కసారి కళ్ళారా చూసి తలుపు వేయడం. ఈ రోజు రెండూ చెయ్యలేదు. పలక చూసుకుంటుందిలే అనుకున్నాడు. తప్పు పలకది అనడానికి ఆయనకు నోరు రాలేదు. దానికి కళ్ళు లేవు. తనకున్నాయి.

వాచ్‌మన్ గేటు దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

"తాళం తియ్యి, లోపల మనిషి ఉంది," అన్నాడు మేస్త్రీ రొప్పుతూ.

"ఇల్లు ఖాళీ అని మీ కంపెనీ నుంచే కదా మెసేజ్ వచ్చింది, చూడు," అని ఫోను చూపించాడు వాచ్‌మన్. "ఖాళీ ఇంట్లో మనిషెలా ఉంటుంది?"

"అది తప్పు మెసేజయ్యా!"

"అయితే ఖాళీ కాలేదని ఇంకో మెసేజ్ పెట్టించు. తీస్తాను. నా ఉద్యోగం నేను చూసుకోవాలిగా."

మేడం పలక తీసి గబగబా నొక్కింది. మనిషి పాత ఇంట్లో ఉందని చెప్పబోతే పలక ఒప్పుకోలేదు. ఏ పని వల్ల అక్కడికి వచ్చిందో చెప్పమంది. మేడం ఆ యంత్రాన్ని తయారుచేసిన మనిషే అయినా, నడిరోడ్డు మీద దాన్ని బతిమాలుకుంటూ నిలబడింది.

ఇంతలో పైనుంచి గొంతు వినిపించింది. "ఎవరర్రా అక్కడ, కింద కొట్టుకుంటున్నది?"

మేడ పిట్టగోడ మీంచి పెద్దావిడ తల కనిపించింది. వాచ్‌మన్ ఆ తలను చూశాడు, ఫోను చూశాడు, మళ్ళీ తలను చూశాడు. తాళం తీశాడు.

మేడ మీద మూడు తాళ్ళ నిండా ఉతికిన బట్టలున్నాయి. మేడం గదులన్నీ రాసుకుంది కానీ మేడ ఎక్కలేదు, మేడ మీదున్నవేవీ పలకలోకి ఎక్కలేదు. పెద్దావిడ సగం బట్టలు తీసి, మడతపెట్టి, గట్టు మీద పేర్చింది. ఇంకా దుప్పట్లు మిగిలాయి.

"మామ్మగారూ, ఒక్కరే మెట్లెక్కి వచ్చారా?" అన్నాడు మేస్త్రీ.

"నలుగురు మగాళ్ళొచ్చి ఇల్లంతా ఊడ్చుకుపోతున్నారు, ఆరేసిన బట్టల సంగతి ఒక్కడికీ పట్టదే! మెల్లిగా ఎక్కాను. మధ్యలో రెండుసార్లు కూర్చున్నాను. ఇంతకీ ఏమిటా గొడవ?"

మేస్త్రీ నిజం చెప్పేశాడు. "మీరు కొత్తింట్లో ఉన్నారని చెప్పింది మామ్మగారూ, మా పలక."

"ఆహా," అంది పెద్దావిడ ఆసక్తిగా. "ఎలా ఉందట ఇల్లు? గాలి వస్తోందటా?"

మేస్త్రీకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. మొహం పక్కకు తిప్పుకుని దుప్పటి క్లిప్పులు తీయడం మొదలుపెట్టాడు. మేడం మాత్రం పెద్దావిడ పక్కన గట్టు మీద కూలబడింది.

"నన్ను క్షమించండి. మీరు లేస్తారని నేననుకోలేదు."

"నేనూ అనుకోలేదు. లేవాలనిపించింది, లేచాను."

"ఎందుకనిపించింది?" మేడం నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"ఎండ గుమ్మంలోంచి నా కాళ్ళ మీద పడింది. మంచి ఎండ, బట్టలు ఆరిపోయి ఉంటాయి అనుకున్నాను. అంతే తల్లీ. ఇదిగో, ఆ కొస పట్టుకో, దుప్పటి ఒక్కదాన్నే మడతపెట్టలేను."

మేడం కొస పట్టుకుంది. ఇద్దరూ దుప్పటి దులిపి, దగ్గరకొచ్చి, కొసలు కలిపి, మళ్ళీ దూరం జరిగి మడత వేశారు. అన్ని దుప్పట్లూ అయ్యేదాకా మేస్త్రీ తొందరపెట్టలేదు.

ట్యాక్సీలో పెద్దావిడను, బట్టల మూటను కొత్తింటికి చేర్చారు. టీచరమ్మ పరిగెత్తుకొచ్చి తల్లిని పట్టుకుని, "చెప్పకుండా ఎక్కడికెళ్ళావమ్మా!" అని ఏడ్చింది.

"నేనెక్కడికీ వెళ్ళలేదు. మీరే వెళ్ళారు," అంది పెద్దావిడ.

మర్నాడు ఓనరు మేస్త్రీని, మేడాన్ని పిలిచాడు. ఇలాంటిది మళ్ళీ జరక్కూడదన్నాడు. మేడం సూటిగా చెప్పింది, వస్తువుల సంగతి పలక చూసుకోగలదు, తమంతట తాము కదిలేవాళ్ళను మాత్రం కళ్ళున్న మనిషే చూడాలి, జట్టులో ఒకరు ఆ పనికే ఉండాలి అని. మేస్త్రీ గట్టిగా తలూపాడు.

"ఇంకో మనిషా?" అన్నాడు ఓనరు. "అక్కర్లేదు. ఒక కాగితం చాలు."

కాగితం అచ్చయింది. సామాను తరలింపు జరుగుతుండగా కుటుంబసభ్యులు సంస్థకు తెలియజేయకుండా తమ స్వంత నిర్ణయంపై స్థానం మార్చరాదు అని. మొదటి కస్టమరే, "బాత్రూమ్‌కి కూడానా?" అని అడిగాడు. ఓనరు మేడాన్ని అడిగాడు. తర్కం ప్రకారమైతే అవునంది మేడం, తర్కం మానేస్తే కాదంది. ఓనరు కాగితానికి అనుబంధం చేర్చాడు. ఇటు మేడం కూడా ఊరుకోలేక, పలకలో కొత్త షరతు పెట్టింది. మనిషి కూర్చున్న కుర్చీని ఎవరూ ఎత్తకూడదు, ఆ మనిషి లేచినట్టు నమోదైతేనే ఎత్తాలి. విడివిడిగా చూస్తే రెండూ మంచివే.

ఆ నెలాఖర్న ఒక లాయరుగారి ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. జట్టు వెళ్ళేసరికి లాయరు, భార్య, ఇద్దరు కూతుళ్ళు, బావమరిది, భోజనాల బల్ల చుట్టూ ఐదు కుర్చీల్లో నిటారుగా కూర్చుని ఉన్నారు. ఒళ్ళో చేతులు. లాయరు సంతకం పెట్టిన కాగితాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించే మనిషి.

గంటన్నరలో ఇల్లంతా ఖాళీ అయింది. ఐదు కుర్చీలూ మిగిలాయి. పలక, కుర్చీల మీద మనుషులున్నారు, ఎత్తకండి అంది. లాయరు, మీ సంస్థ అనుమతి లేకుండా మేం లేవడానికి వీల్లేదు అన్నాడు. పొడుగాయన ఓనరుకు ఫోను చేస్తే ఎత్తలేదు. పలకను అడిగితే వేచి ఉండమంది. జట్టు నలుగురూ గోడకు ఆనుకుని నిలబడ్డారు, కుటుంబం ఐదుగురూ కూర్చుని ఉన్నారు. బావమరిదికి కాలు తిమ్మిరెక్కి, మొహం మాడ్చుకుని గాల్లో కాలు ఆడించుకుంటున్నాడు.

మేస్త్రీ మేడ దాకా వెళ్ళి, స్నానాలగది, వెనక వరండా, మెట్ల కింద అర, అన్నీ చూసుకుని తిరిగొచ్చాడు. హాల్లో ఈ దర్బారు చూసి గుమ్మంలో ఆగాడు. పలకను పొడుగాయన చేతిలోంచి తీసుకుని, బోర్లా తిప్పి కిటికీ గట్టు మీద పెట్టాడు.

"లేవండి బాబూ, కుర్చీలు ఎత్తాలి," అన్నాడు.

ఐదుగురూ లేచారు.